కంప్యూటరు తెరపై తెలుగు పదముల వెడల్పు: గణనమా, కొలతయా?

ఛందశ్శాస్త్రమందలి మాత్రాగణనము ఉచ్చారణకాలమునకు సంబంధించినది. తెరపై ఒక పదమునకెంత చోటు కావలెనో అది తెలుపజాలదు. తాళపత్రగ్రంథములను కంప్యూటరులోనికెక్కించు ఈ కాలమున ప్రాచ్యకళాశాలలవారు ఈ భేదమును గుర్తింపవలసియున్నది. అక్షరసంఖ్యనుబట్టి చోటు కేటాయించు ప్రోగ్రామువలన శ్లోకపాదము తగని చోట విరుగును. పట్టికలో గ్రంథనామము తుదియక్షరమును కోల్పోవును.

నెల్లూరు జిల్లా పశ్చిమభాగమందలి రెండు ఊళ్ల పేర్లను పరిశీలింతము. 'ఉదయగిరి'లో అక్షరములు 5, అన్నియు లఘువులే, కావున మాత్రలు 5. 'ఆత్మకూరు'లో అక్షరములు 4. ఆ, కూ గురువులు; త్మ, రు లఘువులు; మాత్రలు 6. యూనికోడులో మొదటి పేరు 7 సంకేతములు, రెండవది 8. తకారము, పొల్లు, మకారము మూడును వేర్వేరు సంకేతములగుటయే ఇందుకు కారణము. అక్షరములను లెక్కించినచో ఉదయగిరి పెద్దది. మాత్రలను గాని సంకేతములను గాని లెక్కించినచో ఆత్మకూరు పెద్దది. వెడల్పు ఈ మూడు లెక్కలలో దేనికిని కట్టుబడదు.

ఏలన, వెడల్పు ఫాంటు ధర్మము. ఒక రూపమును వ్రాసిన పిదప కలము ఎంత ముందునకు జరుగవలెనో ఫాంటులోనే నిర్దేశింపబడియుండును. దీనిని గమనదూరమందము. 2048 భాగముల కొలపై నిర్మించిన ఫాంటులో 1024 భాగముల గమనదూరముగల రూపము 16 పిక్సెళ్ల పరిమాణమున 8 పిక్సెళ్లను ఆక్రమించును. ఉదయగిరి దుర్గమును 1514లో జయించిన శ్రీకృష్ణదేవరాయల పేరను, పెద్దన పేరను నేడు తెలుగు ఫాంటులు కలవు. పరిమాణమొక్కటే యైనంతమాత్రమున రెండు ఫాంటులలో ఒక పదము వెడల్పు ఒక్కటియే యని తలపరాదు.

బొద్దు అక్షరములకు ప్రత్యేకరూపములున్నచో వాని గమనదూరములును వేరుగానుండును. వాలు అక్షరముల విషయము మరింత సూక్ష్మము. నిలువు రూపములనే యంత్రము కుడికి వాల్చినపుడు గమనదూరము మారదు. కాని తలకట్టు, గుడి మొదలగు పైభాగములు కుడికి పొడుచుకొనివచ్చును, క్రిందనున్న వత్తులు ఎడమకు జరుగును. కొలత సరిపోయినను తుదియక్షరము పైభాగము తెగుట ఇందువలననే.

కావున ప్రోగ్రాము రచించువారు పాటింపవలసిన క్రమమిది. మొదట ఫాంటు, పరిమాణము, శైలి నిర్ణయింపవలెను. పిమ్మట పదమునంతటిని కొలత ప్రక్రియకు అప్పగింపవలెను. జావాలో స్ట్రింగ్‌విడ్త్, వెబ్ పుటల కాన్వాసులో మెజర్‌టెక్స్ట్ అట్టివి. సంకేతములను విడివిడిగా కొలిచి కూడరాదు. ఒంటరి పొల్లునకు చుక్కల వలయము చేరి లెక్క చెడును. ఒకే పంక్తిలో పలు శైలులున్నచో, శైలి మారినచోట ఖండించి, ఏ ఖండమునకు ఆ శైలిలో కొలిచి మొత్తము చేయవలెను. సంయుక్తాక్షరము నడుమ ఖండింపరాదు. తుదకు సిరా సోకు మేర ఎంతయో వేరుగా చూచి అంచున చోటు విడువవలెను.

కళాశాల గ్రంథాలయమునకు ప్రోగ్రాము వ్రాయించుకొనువారు ఈ రెండు ఊళ్ల పేర్లను సాధారణ, బొద్దు, వాలు రూపములు మూడింటను పరీక్షించి చూచిన, దోషమున్నచో గ్రంథసూచి అచ్చునకు పోకమునుపే బయటపడును.