2,477 డిగ్రీల దాకా కరగని లోహానికి గాలంటే ఎందుకు భయం?

ఇవాళ ఒక బుల్లి గొట్టం గురించి మాట్లాడుకుందాం.

ఎల్‌ఈడీలు రాకముందు మన రోడ్ల మీద పసుపుపచ్చగా వెలిగిన సోడియం లైట్లు గుర్తున్నాయా? ఆ బల్బు లోపల పింగాణీ లాంటి తెల్ల ట్యూబ్ ఒకటి ఉంటుంది. దాని చివర అతికించిన చిన్న లోహపు గొట్టమే మన టాపిక్. చాలా ల్యాంపుల్లో అది నియోబియంకి 1 శాతం జిర్కోనియం కలిపి చేసిన మిశ్రమలోహం. ఇదే నియోబియంకి 10 శాతం హాఫ్నియం, 1 శాతం టైటానియం కలిపితే సి-103. అది రాకెట్ నాజిల్స్‌కి వాడతారు.

ఇనుము 1,538 డిగ్రీల సెల్సియస్‌కి కరుగుతుంది. నియోబియం 2,477, టాంటలం 3,017, టంగ్‌స్టన్ 3,422. వీటినే రిఫ్రాక్టరీ మెటల్స్ అంటారు.

డిప్లొమా చదివేటప్పుడు నేనేమనుకున్నానంటే, ఇంత వేడి తట్టుకునేదాన్ని ఏ కొలిమిలో పెట్టినా ఏం కాదని. పూర్తిగా తప్పు! గాలిలో సుమారు 400 డిగ్రీలు దాటితే చాలు, నియోబియం పాడవడం మొదలవుతుంది. ఇనుముకి తుప్పు పడితే గీకేయొచ్చు. ఇక్కడ అలా కాదు, ఆక్సిజన్ లోహం లోపలికే దిగిపోతుంది. అప్పుడు వంగాల్సిన గొట్టం పెళుసుగా విరుగుతుంది.

మరి గొట్టం ఎలా చేస్తారు? స్టెప్ బై స్టెప్ చూద్దాం.

ముందు వాక్యూమ్‌లో ఎలక్ట్రాన్ బీమ్‌తో గానీ, ఆర్క్‌తో గానీ కరిగించి దిమ్మ పోస్తారు. దానికి మధ్యలో రంధ్రం చేసి, గాలి తగలకుండా వేరే లోహపు తొడుగు వేసి, వేడి చేసి ప్రెస్‌తో డై గుండా నెడతారు. ఇది ఎక్స్‌ట్రూజన్. లావు గొట్టం వస్తుంది, అతుకు ఉండదు.

తర్వాత పిల్గరింగ్. గొట్టం లోపల ఒక కడ్డీ ఉంటుంది. బయట గాడి ఉన్న రెండు రోలర్లు ముందుకీ వెనక్కీ దొర్లుతూ నొక్కుతాయి. గొట్టం సన్నబడుతుంది, గోడ పలచబడుతుంది, పొడవు పెరుగుతుంది.

కట్టుతీగని అటూ ఇటూ వంచితే ఏమవుతుంది? గట్టిపడి తెగుతుంది కదా. గొట్టమూ అంతే. అందుకే మధ్యమధ్యలో వేడి చేసి మెత్తబరచాలి. అదే ఎనీలింగ్. అసలు ప్రమాదం ఇక్కడే. ఫర్నేస్‌లో వాక్యూమ్ సరిగ్గా లేకపోయినా, గొట్టం మీద నూనె మరక మిగిలినా, అప్పటిదాకా పడ్డ కష్టం మొత్తం స్క్రాప్. అందుకే ముందు శుభ్రంగా కడుగుతారు. వెల్డింగ్ కూడా ఆర్గాన్ నింపిన చాంబర్‌లోనో, వాక్యూమ్‌లోనో చేస్తారు.

మన హైదరాబాద్‌లో న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్ ఉంది కదా, అక్కడ అణు రియాక్టర్లకి జిర్కోనియం మిశ్రమలోహపు గొట్టాలు చేసేదీ ఇంచుమించు ఇదే దారిలో: ఎక్స్‌ట్రూజన్, పిల్గరింగ్, వాక్యూమ్ ఎనీలింగ్.

ఇప్పుడు మళ్లీ ఆ లైటు దగ్గరికి రండి. బయటి గాజు బల్బులో గాలి తీసేస్తారు. దానికి ఒక కారణం, లోపలున్న ఆ చిన్న గొట్టాన్ని కాపాడటం. ఫ్యాక్టరీలో మొదలైన జాగ్రత్త కరెంటు స్తంభం మీద కూడా ఆగదన్నమాట.

కాబట్టి ఎవరైనా ఒక లోహం ఎంత వేడి తట్టుకుంటుందో చెప్తే, వెంటనే ఇంకో ప్రశ్న అడగండి: గాలిలోనా, గాలి లేకుండానా? ఉంటా మరి, ఇంకో ఎపిసోడ్‌లో కలుద్దాం.