నోరున్న రేడియో

మన ఇళ్ళలో ఉండే రేడియోకు చెవులున్నవి గాని నోరు లేదు. ఆకాశవాణి వారు మాట్లాడితే అది విని మనకు వినిపిస్తుంది. మనం తిరిగి ఒక్క మాట చెప్పాలంటే దానివల్ల కాదు. అయితే మాట్లాడగల రేడియోలు కూడా ఉన్నవి. వాటిని ఇంట్లో పెట్టుకుని, జీతం లేకుండా, లాభం ఆశించకుండా, కేవలం సరదా కోసమూ విద్య కోసమూ దూరదేశాల వాళ్ళతో మాట్లాడేవారు ఉన్నారు. వాళ్ళను అమెచ్యూర్లు అంటారు. "హామ్‌లు" అన్నది వాళ్ళ ముద్దుపేరు.

ఒక సాయంకాలం నల్లగొండలో ఒక హామ్ తన ఇంట్లో కూచుని, "సి.క్యు., సి.క్యు." అని పిలిచాడనుకోండి. "ఎవరైనా వింటున్నారా?" అని దాని అర్థం. ఆ పిలుపుకు మహబూబ్‌నగరం నుంచి బదులు రావచ్చు, సింహళం నుంచి రావచ్చు, జపాను నుంచి కూడా రావచ్చు. ఎవరు పలుకుతారో ముందుగా తెలియదు. మధ్యలో తీగ లేదు, స్తంభం లేదు, టెలిఫోను ఆఫీసు లేదు. ఇక్కడొక సెట్టు, అక్కడొక సెట్టు, అంతే!

ఇటువంటి స్టేషన్లను ఒకప్పుడు గాజు వాల్వులతో కట్టేవారు. ముచ్చటపడి ఇప్పటికీ అలా కట్టేవారున్నారు. ఎలా కడతారో చూద్దామా?

ఇంట్లో పుట్టిన స్టేషను

నల్లగొండ, మహబూబ్‌నగరం జిల్లాలు పూర్వం హైదరాబాదు సంస్థానంలో ఉండేవి. ఆ సంస్థానంలో మొట్టమొదటి రేడియో స్టేషను ప్రభుత్వం పెట్టినది కాదు. తపాలా తంతి శాఖలో ఉద్యోగం చేసే మహబూబ్ అలీ అనే ఆయన 1933 ప్రాంతంలో హైదరాబాదులో దాన్ని సొంతంగా నెలకొల్పాడు. దాని శక్తి 200 వాట్లు మాత్రమే. రెండు నూరు వాట్ల బల్బులకు ఎంత శక్తి కావాలో అంత అన్నమాట. 1935లో నిజాం ప్రభుత్వం ఆ స్టేషనును తన చేతిలోకి తీసుకున్నది. అదే దక్కన్ రేడియో. 1950 ఏప్రిల్ 1న అది ఆలిండియా రేడియోలో చేరిపోయింది.

మహబూబ్ అలీ స్టేషను అందరికీ వినిపించటానికి పెట్టినది. హామ్‌ల స్టేషను అలాటిది కాదు. అది ఒకరితో ఒకరు మాట్లాడుకోవటానికి. మన దేశంలో ఈ పనికి ఆద్యులలో ఒకరు అమరేంద్ర చంద్ర గుప్తు. ఆయన 1921లో కలకత్తాలో స్టేషను నడిపాడు. 1939లో రెండవ ప్రపంచయుద్ధం రాగానే ప్రభుత్వం హామ్‌ల నోళ్ళు మూయించింది, సెట్లను అప్పగించమన్నది. యుద్ధం ముగిశాక అదే యుద్ధం వాళ్ళకు మేలు కూడా చేసింది. సైన్యానికి అక్కరలేని వైర్‌లెస్ సామాను గుట్టలుగా పాతసామాను బజార్లకు వచ్చింది. వాల్వులు, ట్రాన్స్‌ఫార్మర్లు, మీటర్లు చవకగా దొరికాయి. యుద్ధం కోసం పుట్టిన వస్తువులు స్నేహం కోసం పనిచెయ్యసాగాయి!

చెరువు, తూము, వాల్వు

స్టేషనుకు ప్రాణం వాల్వు. దాన్ని అర్థం చేసుకోవటానికి మీ ఊరి చెరువును తలుచుకోండి. చెరువులో నీరున్నది. దిగువన పొలమున్నది. మధ్య తూమున్నది. తూము తలుపు ఎత్తటానికి ఒక్క మనిషి బలం చాలు. కాని ఆ కాస్త బలంతో ఎంత నీరు పరుగెత్తుతుంది!

వాల్వులో కూడా మూడు భాగాలుంటాయి. లోపలి కాథోడు వేడెక్కి ఎలక్ట్రాన్లనే అతిసూక్ష్మమైన విద్యుత్కణాలను వెదజల్లుతుంది, అది చెరువు. చుట్టూ ఉండే ప్లేటు వాటిని లాక్కుంటుంది, అది పొలం. ఈ రెంటికీ మధ్య సన్నని తీగతో అల్లిన గ్రిడ్డు ఉంటుంది. అదే తూము తలుపు. గ్రిడ్డు మీద విద్యుత్తు కొంచెం మారితే చాలు, ప్లేటుకు పోయే ప్రవాహం ఎంతో మారుతుంది. చిన్న గుసగుస పెద్దకేక అవుతుంది.

1904లో ఇంగ్లండులో ఫ్లెమింగ్ కాథోడు, ప్లేటు గల వాల్వు చేశాడు. 1906లో అమెరికాలో లీ డి ఫారెస్ట్ దానిలో గ్రిడ్డు చేర్చాడు. బుడ్డిలోని గాలినంతా తీసెయ్యాలి. లేకపోతే ఎలక్ట్రాన్లు గాలి అణువులకు కొట్టుకుంటాయి, ఫిలమెంటు మాడిపోతుంది. ఈ భాగాలను కదలకుండా పట్టి ఉంచేవి పల్చని అభ్రకపు రేకులు. అభ్రకానికి మన గూడూరు ప్రాంతం పేరుపొందింది.

కట్టడం మొదలు

ముందుగా కావలసినది కరెంటు పెట్టె. మన ఇళ్ళకు వచ్చేది 230 వోల్టుల కరెంటు. వాల్వులకు అది అలాగే పనికిరాదు. కాథోడును వేడిచేసే ఫిలమెంటుకు 6 వోల్టులు చాలు; ప్లేటుకు 500 వోల్టులు కావాలి. అందుచేత ఒక ట్రాన్స్‌ఫార్మరు ఒక పక్క వోల్టులను తగ్గిస్తుంది, మరొక పక్క పెంచుతుంది. మన కరెంటు సెకనుకు 50 మార్లు ముందుకూ వెనక్కూ ఊగుతుంది. 5యు4 అనే వాల్వు దాన్ని ఒకే దిక్కుకు నడిపిస్తుంది. అప్పటికీ ఎగుడుదిగుడుగా ఉన్న ప్రవాహాన్ని కండెన్సర్లూ, చోక్ అనే ఇనుప గుండె గల తీగచుట్టా చదును చేస్తాయి. ఇవి లేకపోతే అవతలివారికి మన సంకేతంతోపాటు తుమ్మెద రొద కూడా వినిపిస్తుంది.

రెండవది, అలలను పుట్టించే భాగం. దీనిలో 6వి6 వంటి వాల్వుతోపాటు స్ఫటికపు బిళ్ళ ఒకటి ఉంటుంది. స్ఫటికం అంటే ఏదో వింత వస్తువనుకోకండి. మన చెలకల్లో, గుట్టల పక్కన తెల్లగా మెరిసే పలుగురాయికి అది తోబుట్టువు! అయితే రేడియోకు మచ్చ, పగులు లేని స్వచ్ఛమైన స్ఫటికం కావాలి. యుద్ధకాలంలో దాన్ని బ్రెజిల్ దేశం నుంచి తెచ్చుకునేవారు. పల్చగా కోసిన స్ఫటికపు బిళ్ళకు విద్యుత్తు తగిలిస్తే అది వణుకుతుంది. ఎంత పల్చగా ఉంటే అంత వేగం. ఆ లెక్క తప్పదు. హామ్‌లకు ఇష్టమైన ఒక తరగతిలో అది సెకనుకు సుమారు 70 లక్షల మార్లు వణుకుతుంది. దీన్నే 7 మెగాహెర్ట్జ్ అంటారు.

మూడవది, బలమిచ్చే వాల్వు. 1930లలో వచ్చిన 807 అనే వాల్వు హామ్‌లకు ఎంతో ప్రియమైనది. నెత్తిన చిన్న లోహపు టోపీ ఉంటుంది. స్ఫటికం పుట్టించిన చిన్న అలను అది 40 వాట్ల దాకా పెంచగలదు. దాని పక్కన ఒక తీగచుట్టా, తిప్పటానికి వీలైన కండెన్సరూ ఉంటాయి. ఈ జోడీని "ట్యాంకు" అంటారు. ఉయ్యాలను సరిగా సమయానికి తోస్తేనే కదా బాగా ఊగుతుంది? కండెన్సరు మరను తిప్పి, ట్యాంకును స్ఫటికంతో సమంగా ఊగేటట్టు చెయ్యాలి. అది కుదిరినప్పుడు మీటరు ముల్లు చటుక్కున కిందికి దిగుతుంది. ఆకాశంలోకి పంపే ముందు హామ్‌లు ఏరియలు బదులు మామూలు బల్బు ఒకటి తగిలిస్తారు. బల్బు వెలిగిందా, పని జరిగినట్టే! ఆ బల్బును వెలిగించినది దీపాల కరెంటు కాదు, తాము చేసిన రేడియో శక్తి.

మాట వినిపించాలంటే మైకూ, దాని శబ్దాన్ని పెంచే మరికొన్ని వాల్వులూ కావాలి. అందుకే కొత్తవాళ్ళు ఒక్క మీటతో మొదలుపెట్టేవారు. మీట నొక్కితే అల, వదిలితే మౌనం. "డా-డిట్-డా-డిట్, డా-డా-డిట్-డా" అంటే మోర్స్ భాషలో "సి.క్యు." అని. వీటన్నిటికీ తోడు వినే రేడియో ఒకటి, చెవులకు తగిలించుకునే ఫోన్లు, ఒక గడియారం, ఎవరితో ఎప్పుడు మాట్లాడినదీ రాసే లాగు పుస్తకం ఉంటే స్టేషను పూర్తయినట్టే.

వేపచెట్టుకూ మేడకూ మధ్య

ఇక ఏరియలు. దీనికి చిన్న లెక్క ఉన్నది. రేడియో అల సెకనుకు 3 లక్షల కిలోమీటర్లు పోతుంది. దాన్ని 70 లక్షలతో భాగిస్తే ఒక్కొక్క అల పొడవు సుమారు 43 మీటర్లు వస్తుంది. దానిలో సగం పొడవున రాగితీగ కడితే అది బాగా పలుకుతుంది. కొసల దగ్గర జరిగే కొద్ది మార్పు వల్ల మరికాస్త తగ్గించి, 20 మీటర్లు తీసుకుంటారు. దాన్ని మధ్యకు తెంచి, పింగాణి కాయలు తగిలించి, వేపచెట్టుకూ మేడకూ మధ్య కడతారు. కరెంటు తీగల దగ్గరికి మాత్రం పోనియ్యరు.

తీగను వదిలిన అల ఆకాశానికి ఎక్కి, వందల కిలోమీటర్ల ఎత్తున ఉండే విద్యుత్పొరలకు తగిలి, కప్పుకు కొట్టిన బంతిలాగా తిరిగి నేలకు వస్తుంది. నల్లగొండ నుంచి పగలు కొన్ని వందల కిలోమీటర్ల దూరం పోయే అల, చీకటి పడ్డాక వేల కిలోమీటర్లు పోవటం కద్దు.

స్టేషనుకు మంచి ఎర్త్ కూడా ఉండాలి. మన మెట్టప్రాంతంలో ఇదే కష్టం. కాస్త తవ్వగానే రాయి తగులుతుంది. వేసవిలో నేల ఎండి బీటలు వారుతుంది. ఎండిన నేల విద్యుత్తును సరిగా తీసుకోదు. అందుచేత లోతుగా గొయ్యి తీసి, గొట్టం దించి, చుట్టూ బొగ్గూ ఉప్పూ పోసి, ఎండాకాలమంతా నీళ్ళు పోస్తూ ఉంటారు. మబ్బు ఉరిమితే ఏరియలును వెంటనే ఊడదీస్తారు.

ఒక్కటి మరిచిపోవద్దు

పిల్లలూ, ఇక్కడ ఆగి జాగ్రత్తగా చదవండి. 500 వోల్టులు మనిషిని చంపగలవు. 807 నెత్తిమీద మెరిసే ఆ టోపీలో ఉండేది ఆ కరెంటే. అంతకన్న మోసకరమైన సంగతి మరొకటి ఉన్నది. స్విచ్చి తీసేశాక కూడా కండెన్సర్లలో విద్యుత్తు నిలిచి ఉంటుంది. తూము మూసినా చెరువులో నీరున్నట్టే! అందుకే తెలిసినవారు ఆ విద్యుత్తు దానంతటదే కారిపోయే దారి ఒకటి సెట్టులోనే పెడతారు. అయినా దాన్ని నమ్మరు. స్విచ్చి తీసి, ప్లగ్గు పీకి, కాసేపు ఆగి, ఎర్త్‌కు కలిపిన కొక్కెం ఉన్న పొడవాటి ఎండుకర్రతో తాకి చూస్తారు. అప్పుడు గాని చెయ్యి పెట్టరు. మీరైతే ఇటువంటి సెట్టు ఎక్కడ కనిపించినా, తెలిసిన పెద్దలు పక్కన లేనిదే దాని మూత తియ్యకూడదు. వినే సెట్టుతో, బ్యాటరీ మీద నడిచే చిన్న పరికరాలతో మొదలుపెట్టండి. మీటనూ మోర్స్ భాషనూ ఈరోజే నేర్చుకోవచ్చు. వాటి వల్ల ఏ అపాయమూ లేదు.

ఇంకొక సంగతి. లైసెన్సు లేకుండా మాట్లాడే సెట్టు పెట్టుకోవటం నేరం. ఆకాశం అందరిదీ. విమానాలూ, ఓడలూ, పోలీసులూ అందులోనే మాట్లాడుకుంటారు. ఒకడు ఇష్టం వచ్చినట్టు అరిస్తే ఆపదలో ఉన్నవాడి మాట మునిగిపోవచ్చు. అందుకే భారత ప్రభుత్వం వారు పరీక్ష పెట్టి లైసెన్సు ఇస్తారు. 12 ఏళ్ళు నిండినవాళ్ళు ఆ పరీక్షకు కూచోవచ్చు. నెగ్గితే సామాన్యంగా "వి.యు." అని మొదలయ్యే పిలుపు పేరు వస్తుంది. ప్రపంచంలో ఆ పేరు మరెవ్వరికీ ఉండదు. ఆ తరవాత కూడా వ్యాపారం మాటలు, రహస్య సంకేతాలు పనికిరావు.

ఆపద వేళ

"ఇంటింటా సెల్‌ఫోను ఉన్నదిగా, ఇదంతా ఎందుకు?" అని మీరడగవచ్చు. జవాబు 2004లో జరిగిన ఒక సంగతిలో ఉన్నది.

1983లో హైదరాబాదులో నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో అనే సంస్థ ఏర్పడింది. 2004 డిసెంబరులో ఆ సంస్థ తరపున భారతీ ప్రసాద్ అనే ఆమె కొందరు హామ్‌లతో అండమాను దీవులకు వెళ్ళింది. అక్కడి నుంచి హామ్‌లు మాట్లాడి ఎన్నో ఏళ్ళయింది గనక, ప్రపంచమంతటా ఉన్న హామ్‌లు ఆమె గొంతు వినటానికి ఉవ్విళ్ళూరారు. వేలమందితో మాటలు కలిసినవి. అంతా సరదాయే. డిసెంబరు 26 తెల్లవారుజామున భూమి కంపించింది. తరవాత సునామీ వచ్చి పడింది. దీవుల్లో టెలిఫోన్లు మూగపోయినవి. అప్పటిదాకా సరదాకు పనిచేసిన సెట్టే ఆ క్షణం నుంచి సహాయానికి పనిచేసింది. "మావాళ్ళు బతికి ఉన్నారా?" అని అల్లాడేవారికి ఆ హామ్‌లు కబుర్లు అందించారు. వాళ్ళ దగ్గర ఉన్నవి వాల్వు సెట్లు కావు, కొత్తరకం చిన్న సెట్లు. కాని పని ఒకటే: ఇక్కడొక సెట్టు, అక్కడొక సెట్టు, మధ్య తీగ లేదు.

ఇటువంటి ఆపద సముద్రతీరం వాళ్ళకే వస్తుందనుకోకండి. 2009 అక్టోబరులో కృష్ణా తుంగభద్రలు పొంగినప్పుడు, ఆనాటి మహబూబ్‌నగరం జిల్లాలోని ఆలంపురం నీట మునిగింది. మన మెట్టప్రాంతానికి కూడా దారులు తెగే రోజు వస్తుంది.

మరి ఈనాడు వాల్వులతో కట్టటమెందుకంటే, కొత్త సెట్టు మూత తీస్తే గోరంత బిళ్ళలు తప్ప ఏమీ కనపడవు. వాల్వు సెట్టులో ప్రతి భాగం కంటికి కనిపిస్తుంది. కాథోడు ఎర్రగా మెరవటం, ముల్లు దిగటం, బల్బు వెలగటం అన్నీ చూడవచ్చు. తన చేతితో ఒక్కొక్క తీగా అతికి కట్టినవాడికి, అది చెడితే ఎక్కడ చెడిందో తెలుస్తుంది. ఆపద వేళ కావలసినది ఆ తెలివే. అది అంగట్లో దొరకదు.

ఇప్పుడు మీకొక లెక్క. హామ్‌లకు 14 మెగాహెర్ట్జ్ దగ్గర మరొక తరగతి ఉన్నది. దానికి ఏరియలు ఎంత పొడవుండాలి? కాగితం మీద చేసి చూడండి. జవాబు సరిగా వస్తే మీ స్టేషనుకు పునాదిరాయి పడినట్టే!