బోడి కొండల తేనెటీగలు

బోడినాయకనూరు ఏలకుల ఊరు. తమిళనాడులోని తేని జిల్లాలో, పడమటి కనుమల పాదాన ఉన్న ఈ పట్టణం ఒకప్పుడు నాయకుల పాళెం. రాజకంబళ నాయకుల ఇళ్లలో నేటికీ తెలుగు వినిపిస్తుంది. ఘాట్ రోడ్డెక్కి బోడిమెట్టు దాటితే కేరళలోని ఇడుక్కి జిల్లా ఏలకి తోటలు మొదలవుతాయి. అక్కడ పండిన కాయలకు స్పైసెస్ బోర్డు ఈ-వేలం జరిగేది రెండు చోట్ల: ఇడుక్కిలోని పుట్టడిలో, కొండ దిగువన బోడిలో. ఇంత వ్యాపారమూ నిలబడింది ఒక్క పగలు బతికే పువ్వు మీద, ఆ పూటే దానిపై వాలే ఈగ మీద.

ఏలకి పువ్వు ఆకుల మధ్య కనబడదు. మొక్క మొదట్లోంచి బయల్దేరి నేలను ఆనుకొని సాగే వెన్నులకు పూస్తుంది. తెల్లటి రేకు మధ్యన ఊదా చారలుంటాయి. తెల్లవారేసరికి విచ్చుకొని సాయంత్రానికి వడలిపోతుంది. పుప్పొడి, దాన్ని అందుకోవలసిన కీలాగ్రం రెండూ ఒకే పువ్వులో పక్కపక్కనే ఉన్నా, కీలాగ్రం కాస్త ఎత్తున ఉండటంతో పుప్పొడి తనంతట తాను అక్కడికి చేరదు. చారల వెంట లోపలికి దూరిన ఈగ వీపుకు పుప్పొడి అంటుకుంటుంది. మరో పువ్వులో దూరేటప్పుడు అది కీలాగ్రానికి రాసుకుంటుంది. అలా జరిగిన పువ్వే కాయ కడుతుంది, జరగనిది రాలిపోతుంది. పొద్దుటిపూట ఈగ రాకపోతే మరునాడు వచ్చినా ఆ పువ్వుకు ఉపయోగం లేదు.

అడవి ఏలకిని ఎక్కువగా ఆదుకునేవి ఒంటరిగా బతికే ఈగలని, తోటలోకి వచ్చాక ఆ పని గుంపుగా బతికే తేనెటీగల చేతికి మారిందని పడమటి కనుమల మీద చేసిన ఒక పరిశోధన 2009లో తేల్చింది. తోటల్లో ముఖ్యంగా కనిపించేవి మూడు రకాలు. కొండ తేనెటీగ పెద్ద చెట్ల కొమ్మలకు, రాతి చరియలకు బయటే ఒక్క పట్టు కడుతుంది. పుట్ట తేనెటీగ చెట్టు తొర్రల్లో వరుసగా పట్లు కడుతుంది కాబట్టి పెట్టెలో పెంచడానికి లొంగుతుంది. మూడోది కుట్టని చిన్న ఈగ. హెక్టారు తోటకు నాలుగు పెట్టెలు ఉంచితే మంచిదని సాగు నిపుణులు చెబుతారు. లెక్కించి చూస్తే పెట్టెలోంచి వచ్చే తేనె కంటే, ఆ ఈగల వల్ల పెరిగే కాయే రైతుకు పెద్ద రాబడి.

తేనె సంగతి ఇక్కడి ఇళ్లలో వంటకంటే వైద్యానికే దగ్గర. శొంఠిపొడి, తులసిరసం, దంచిన ఏలకిగింజలు, వేటినైనా తేనెలో రంగరించి నాకించడం పాత అలవాటు. దగ్గు విషయంలో ఈ అలవాటుకు కొంత ఆధారం ఉంది. మామూలు దగ్గుకు మొదట తేనె వాడి చూడమని బ్రిటన్‌లోని ఆరోగ్య ప్రమాణాల సంస్థ 2018లో సూచించింది. చిక్కటి తేనె గొంతుకు పూతలా పట్టి మంట తగ్గిస్తుంది. ఏడాది నిండని పిల్లలకు మాత్రం చుక్క కూడా పెట్టకూడదు. పుట్టిన బిడ్డ నాలుకకు తేనె రాసే ఆచారాన్ని మానుకోక తప్పదు. తేనెలో ఉండగల బోట్యులిజం సూక్ష్మజీవి బీజాలు పసిపేగుల్లో మొలకెత్తి కండరాలను చచ్చుబడేలా చేస్తాయి. కాచినా ఆ బీజాలు చావవు. చక్కెర వ్యాధి ఉన్నవారు తేనెనూ చక్కెరలాగే లెక్కపెట్టుకోవాలి. తేనెను వేడి చేయవద్దన్నది ఆయుర్వేదం మాట. కాస్తే అందులోని ఎంజైములు దెబ్బతింటాయని నేటి శాస్త్రమూ చెబుతుంది. గోరువెచ్చని నీళ్లలో కలుపుకుంటే చాలు. గాయాలకు ఆసుపత్రుల్లో వాడేది శుద్ధి చేసిన ప్రత్యేకమైన తేనె. వంటింటి సీసాలోది లోతైన పుండ్ల మీద పూయకూడదు.

సీసా అడుగున గడ్డకట్టిన తేనెను కల్తీ అనుకుని పారబోసేవారు ఎందరో. తేనెలోని గ్లూకోజు పేరుకోవడం సహజం. నీళ్లలో చుక్క వేసి చూసే పరీక్షలతో కల్తీ బయటపడదు. నమ్మదగిన పెంపకందారు దగ్గర కొనడమే మేలు.

ఈగలకు వచ్చే కష్టాల్లో పెద్దది పురుగుమందు. తామరపురుగు, కాండం తొలిచే పురుగు ఏలకిని వదలవు, అందుకే తోటల్లో మందు పదేపదే కొడతారు. పూత మీద పొద్దున్నే కొట్టిన మందు పువ్వుతోపాటు ఈగనూ తడుపుతుంది. మధ్యాహ్నం దాటి, ఈగలు గూటికి మళ్లాక కొడితే నష్టం బాగా తగ్గుతుంది. ముందురోజే చెబితే పక్క తోటవాళ్లు పెట్టెలు జరుపుకోగలరు. వానాకాలం మరో కష్టం. ఏలకి పూత నైరుతి వానలతో కలిసి వస్తుంది, జడివానలో ఈగ బయటికి రాలేదు. గూట్లో తేనె మొత్తం పిండేసి ఉంటే గుంపు ఆకలితో చస్తుంది, లేదా గూడు వదిలి లేచిపోతుంది. అందుకే వానలకు ముందు కొంత తేనె వదిలి తీయాలి. అయినా చాలకపోతే చక్కెర పాకం పెట్టాలి. 1991-92 ప్రాంతాల్లో దక్షిణాదిన పుట్ట తేనెటీగలను థాయ్ సాక్‌బ్రూడ్ అనే వైరస్ తుడిచిపెట్టినంత పని చేసింది. పిల్లపురుగులు నీటితిత్తుల్లా ఉబ్బి చనిపోయేవి. దానికి మందు లేదు. బలమైన గుంపుల నుంచే రాణులను పెంచడం, జబ్బు పెట్టెల చట్రాలు మంచి పెట్టెలకు మార్చకపోవడం, ఇవే రక్షణ.

తేనె తీసేటప్పుడు చట్రంలో మూడొంతుల గదులకు మైనం మూత పడిందా అని చూస్తారు. మూత పడని తేనెలో నీరు ఎక్కువ, త్వరగా పులుస్తుంది. పిల్లలున్న చట్రం ముట్టరు. పెట్టె కాళ్లను నీటి గిన్నెల్లో నిలిపితే చీమలు ఎక్కవు. కొండ తేనె పట్టును మొత్తం కోయకుండా తేనె ఉన్న భాగాన్నే తీసి, పిల్లలున్న భాగాన్ని వదిలితే ఆ గుంపు మళ్లీ కట్టుకోగలదు. తోటలో నీడకోసం ఉంచే చెట్లలో నేరేడు వంటి మకరందమిచ్చే వాటిని కలుపుకుంటే, ఏలకి పూయని నెలల్లోనూ ఈగలకు తిండి దొరుకుతుంది.