శునకముల వంశావళి: మన దేశపు సంఘము, అంతర్జాతీయ సమాఖ్య

హుండీ యన నేమో సౌకార్‌పేట పిల్లలకు వేరుగ చెప్పనక్కఱలేదు. తాతలనాడు తంగసాల వీథిలో కూర్చున్న సాహుకారు ఒక చిన్న కాగితముపై నాలుగు పంక్తులు వ్రాసి యిచ్చినచో, బొంబాయిలోనో కలకత్తాలోనో ఉన్న మఱియొక సాహుకారు దానిని చూచి సొమ్ము లెక్కించి యిచ్చెడివాడు. ఆ కాగితమునకు సొంతముగా విలువ లేదు. వ్రాసినవాని మాటను చెల్లించువాడు నమ్మునంతవరకే అది చెల్లును. కుక్కల వంశావళిపత్రమును గూర్చి చెప్పబోవు నేడు ఈ హుండీని జ్ఞాపకముంచుకొనుడు. తక్కిన సంగతులు సులభముగా బోధపడును.

కుక్కలకు వంశావళి యేమిటని కొందఱు పెద్దలు నవ్వవచ్చును. కాని కెన్నెల్ క్లబ్ ఆఫ్ ఇండియా అను సంస్థ మన చెన్నపట్టణములోనే కార్యాలయము పెట్టుకొని, దేశమంతట పుట్టిన జాతికుక్కల పేర్లను పట్టికలలో వ్రాయుచున్నది. కెన్నెల్ అనగా కుక్కల ఉనికిపట్టు. ఈ సంఘమునకు ప్రపంచసమాఖ్య యొకటి కలదు. దేశీయసంఘమొకటి అట్టి సమాఖ్యతో చేరవలెనా, వలదా, చేరినచో వచ్చునదేమి, పోవునదేమి అను ప్రశ్న పైకి చిన్నదిగా కనబడును. లోపల మన తెలుగువారికి చెందిన ఒక కుక్కజాతి భవిష్యత్తు కూడ దాగియున్నది.

ముందుగా పట్టికల పుట్టుక. 1859లో ఇంగ్లండులోని న్యూకాసిల్ పట్టణమున మొదటి క్రమబద్ధమైన శునకప్రదర్శన జరిగినది. అందు పాయింటర్లు, సెట్టర్లు అను వేటకుక్కలు మాత్రమే పాల్గొన్నవి. ప్రదర్శనలు పెరిగినకొలది మోసములును పెరిగినవి; ఒకే కుక్కకు రెండు పేర్లు, రెండు కుక్కలకు ఒకే పేరు. దీనిని అరికట్టుటకు 1873లో లండనున కెన్నెల్ క్లబ్ ఏర్పడినది. అమెరికాలో 1884లో అట్టి సంఘమే వెలసినది. మన దేశమున తెల్లదొరల కాలములో ఈ వ్యాపకము మొదలైనది గనుక మన సంఘపు పద్ధతులు చాలవఱకు లండను పద్ధతులనుండి వచ్చినవే.

ఐరోపాఖండమున వేఱొక చిక్కు వచ్చినది. అక్కడ రైలెక్కి ఒక పూట ప్రయాణము చేసినచో దేశము మాఱును. ఫ్రాన్సులో పుట్టిన కుక్క బెల్జియములో పోటీకి వెళ్లినచో దాని పత్రము చెల్లునా? జర్మనీలో ఉత్తమమనిపించుకొన్నది హాలెండులో ఉత్తమము కావలెనా? ఈ చిక్కు విడదీయుటకు జర్మనీ, ఆస్ట్రియా, బెల్జియము, ఫ్రాన్సు, హాలెండు దేశముల సంఘములు 1911 మే 22వ తేదీన ఒక సమాఖ్యను స్థాపించినవి. దాని ఫ్రెంచి పేరు ఫెడెరాసియో సినొలొజిక్ ఇంటర్నాసియొనాల్. లోకము పొడి అక్షరములతో ఎఫ్.సి.ఐ. అని పిలుచుచున్నది. మొదటి ప్రపంచయుద్ధములో అది అంతరించినది. 1921లో ఫ్రెంచి, బెల్జియము సంఘములు దానిని పునరుద్ధరించినవి. నేడు దాని కేంద్రము బెల్జియములోని త్వాఁ అను చిన్న పట్టణము. సుమారు నూఱు దేశముల సంఘములు అందు చేరియున్నవి.

ఈ సమాఖ్య తాను స్వయముగా ఏ కుక్కకును పత్రము వ్రాసి యీయదు. పత్రము వ్రాయుట ఆయా దేశసంఘముల పని; న్యాయనిర్ణేతలను తయారుచేయుటయు వారి పనియే. ఒకరు వ్రాసిన పత్రమును తక్కినవారందఱు అంగీకరింపవలెనను కట్టుబాటు మాత్రమే సమాఖ్యది. హుండీ పోలిక ఇక్కడ సరిగా అతుకును. దేశమునకు ఒక్క సంఘమును మాత్రమే సమాఖ్య గుర్తించును. రెండు కొట్లు ఒకే ముద్ర వేసినచో దొంగ హుండీ ఏదో మంచి హుండీ ఏదో ఎవరికి తెలియును?

పత్రములో ఏముండును? కనీసము మూడు తరముల పూర్వులుండవలెనని నియమము. లెక్క వేయుడు: తల్లిదండ్రులు 2, తాతలు అవ్వలు 4, వారిపై తరము 8, మొత్తము 14 పేర్లు. పదవ తరమునకు పోయినచో ఆ ఒక్క తరములోనే 1024 స్థానములు. ఇన్ని స్థానములలో ఒకే పేరు పలుమార్లు వచ్చినచో దగ్గఱచుట్టముల కలయిక జరిగినదని అర్థము. తోడబుట్టినవానికి పుట్టిన పిల్లలో తల్లివైపునుండియు తండ్రివైపునుండియు ఒకే పూర్వుని జన్యువే వచ్చి కలియు అవకాశము నాల్గింట ఒక వంతు. పెదతండ్రి పినతండ్రి బిడ్డల సంతానములో పదునాఱింట ఒక వంతు. అట్లు కలిసినపుడు మఱుగుననున్న రోగలక్షణములు పైకి వచ్చును. కనుక వంశావళి గొప్పలు చెప్పుకొనుటకంటె రోగములను తప్పించుకొనుటకే ఎక్కువ పనికివచ్చునని నా అభిప్రాయము. చాలమంది కొనుగోలుదారులు మాత్రము పత్రమును చట్రము కట్టించి గోడకు తగిలించుటతో తృప్తిపడుదురు.

ఇక దేశసంఘము సమాఖ్యలో చేరుటవలన లాభములు. మన పత్రము ఇతరదేశములలో చెల్లును. వారి న్యాయనిర్ణేతలు ఇచ్చటికి, మనవారు అచ్చటికి పోయి తీర్పులు చెప్పవచ్చును. అంతర్జాతీయ సౌందర్య విజేత అను బిరుదును కోరవచ్చును. ఆ బిరుదు ఊరక రాదు: మూడు వేఱువేఱు దేశములలో, మూడు వేఱువేఱు న్యాయనిర్ణేతలచేత, నాలుగు యోగ్యతాపత్రములు పొందవలెను, మొదటిదానికిని కడపటిదానికిని నడుమ ఒక సంవత్సరము మీద ఒక దినము గడువవలెను. ఒక్క ఋతువులో మెఱసి మాయమగు కుక్కకు బిరుదు దక్కకుండుటకే ఈ గడువు.

ఈ లాభములు కుక్కలను పెంచు శ్రీమంతులకే గదా యని అడుగవచ్చును. నిజమే. కాని అసలైన లాభము వేఱొకటి. ప్రతి జాతికిని ఒక ప్రమాణము వ్రాయబడును: ఎత్తెంత, రంగేది, చెవి ఎట్లుండవలెను, నడక ఎట్లుండవలెను, స్వభావమేమి అని. సమాఖ్య నియమమునుబట్టి ఆ ప్రమాణము ఆ జాతి పుట్టిన దేశపు సొత్తు. పుట్టిన దేశమున సంఘము లేకున్నను, ఉన్నది ఊరకున్నను, వేఱొక దేశము పోషకస్థానమున కూర్చుండి దానిని వ్రాయును. సమాఖ్య పట్టికను తిరుగవేసినచో దీనికి కావలసినన్ని దృష్టాంతములు దొరకును. అఫ్గాన్ హౌండు పుట్టినది అఫ్గానిస్థానము, పోషకదేశము బ్రిటను. లాసా ఆప్సో పుట్టినది టిబెట్టు, పోషకదేశము బ్రిటను. చౌచౌ చైనాది, బసెంజీ మధ్య ఆఫ్రికాది, వానికిని బ్రిటనే. మాలి దేశపు అజవాఖ్ అను సన్నని వేటకుక్కకు పోషకురాలు ఫ్రాన్సు. పుట్టినింట అన్నము తిని పరాయియింట పేరు వ్రాయించుకొన్న జాతులివి. మొరాకో దేశము మాత్రము తన స్లూగీ కుక్క ప్రమాణమును తన చేతనే ఉంచుకొన్నది.

మనకిక్కడ రాజపాళయము జ్ఞాపకము రావలెను. విరుదునగరము జిల్లాలోని ఆ పట్టణమును నెలకొల్పినవారు విజయనగర, నాయకరాజుల కాలములో ఆంధ్రదేశమునుండి దక్షిణమునకు తరలిపోయిన రాజులు. నేటికిని వారి యిండ్లలో తెలుగు వినబడును. 1949 మొదలు 1952 వరకు మద్రాసు రాష్ట్రమునకు ముఖ్యమంత్రిగా నున్న పి. ఎస్. కుమారస్వామి రాజా ఆ ఊరివారే. మనవలెనే తమిళదేశములో తెలుగు మాటలాడుచు బ్రతికిన ఆ జనుల వాకిట పెరిగిన కుక్క రాజపాళయము కుక్క. తెల్లని పొట్టి వెండ్రుకలు, గులాబివర్ణపు ముక్కు, బంగారువన్నె కన్నులు, పొడవైన కాళ్లు. అడవిపందుల వేటకు, పొలముల కావలికి దానిని పెంచెడివారు. యజమానికి తప్ప అన్యులకు లొంగదని ప్రసిద్ధి.

ఆ తెలుపులోనే ఒక ఆపద ఉన్నది. చర్మమునకు రంగునిచ్చు కణములు లోపలి చెవిలోను పనిచేయును. అవి లేనిచోట వినికిడినిచ్చు భాగము పుట్టిన కొన్ని వారములకే చెడిపోవును. కావున పూర్తిగా తెల్లనైన కుక్కలలో పుట్టుచెవుడు ఎక్కువ. వెనుకనుండి చప్పట్లు కొట్టి పరీక్షించుట సామాన్యుల పద్ధతి. ఒక్క చెవి మాత్రమే చెడిన పిల్ల ఆ పరీక్షలో నెగ్గిపోవును, తరువాత దాని పిల్లలకు చెవుడు పంచును. రెండు చెవులను వేఱువేఱుగా యంత్రముతో పరీక్షించి, ఆ ఫలితమును తల్లిదండ్రుల పేర్లతోపాటు పట్టికలో వ్రాసినచో చెవిటి సంతతి క్రమముగా తగ్గును. రంగు తెలుపుగా ఉండవలెనను ఒక్క నియమమునే పట్టుకొని, వినికిడిని గూర్చి మాటాడని ప్రమాణమైనచో ఆ జాతికి మేలుకంటె కీడే ఎక్కువ.

ప్రమాణములు కీడు చేయునా యని సందేహింపవలదు. 2008లో బ్రిటిషు బి.బి.సి. టెలివిజనులో జాతికుక్కల వ్యాధులను గూర్చి ఒక చిత్రము ప్రసారమైనది. చదునుముఖపు కుక్కలు ఊపిరాడక బాధపడుట, పుఱ్ఱె చిన్నదై మెదడు పట్టని కుక్కల నొప్పి మున్నగునవి జనులు కన్నులార చూచిరి. గొప్ప కలకలము రేగినది. 2009లో లండను కెన్నెల్ క్లబ్ అనేక జాతుల ప్రమాణములను సవరించినది. నూటముప్పది యేండ్లు దాటిన సంస్థయే తన వ్రాతను దిద్దుకొనవలసివచ్చినది. సమాఖ్యలో చేరువారు దాని పట్టికలతోపాటు ఈ తగవులకు కూడ వారసులగుదురు.

నష్టములను దాచరాదు. చేరిన సంఘము సమాఖ్య నియమములకు లోబడవలెను, చందా కట్టవలెను, సమాఖ్య గుర్తింపని సంఘముల ప్రదర్శనలతోడి సంబంధములలో స్వేచ్ఛ తగ్గును. దేశములో రెండవ సంఘమున్నచో అది బయట నిలువవలసినదే. మన దేశమున ఇండియన్ నేషనల్ కెన్నెల్ క్లబ్ అను మఱియొక సంఘము స్వదేశీజాతులను నమోదు చేయుచునే యున్నది. బ్రిటను, అమెరికా, కెనడా సంఘములు ఎఫ్.సి.ఐ.లో సభ్యులుగా చేరనేలేదు. పత్రములను, న్యాయనిర్ణేతలను పరస్పరము అంగీకరించుటకు ఒడంబడికలు చేసికొని దూరముగానే ఉన్నవి. పెద్ద కొట్టు కలవానికి సంతలో చేరవలసిన పనిలేదు, వర్తకులే అతని గుమ్మమునకు వత్తురు. మనకు ఆ పరపతి లేదు. మన పత్రము పొరుగుదేశమున చెల్లవలెనన్న ఎవరో ఒకరి పూచీ కావలెను. కెన్నెల్ క్లబ్ ఆఫ్ ఇండియా ఎఫ్.సి.ఐ.తో అనుబంధము పెట్టుకొనుట సరియైన పనియని నేను తలచుచున్నాను. అయితే అనుబంధము దానంతట అదియే రాజపాళయమునకు ప్రపంచపట్టికలో చోటు సంపాదింపలేదు.

ఏలనగా క్రొత్త జాతిని గుర్తించుటకు సమాఖ్య పెట్టిన షరతులు కఠినమైనవి. కనీసము ఎనిమిది వేఱువేఱు వంశములు చూపవలెను. ఒక్కొక్క వంశమున కనీసము రెండు మగకుక్కలు, ఆఱు ఆడుకుక్కలు ఉండవలెను. ఈ వంశములకు మూడు తరములవఱకు ఉమ్మడి పూర్వుడు ఉండరాదు. అప్పటికిని మొదట లభించునది తాత్కాలిక గుర్తింపే. అది స్థిరపడువఱకు ఆ జాతికి అంతర్జాతీయ బిరుదులకు అర్హత లేదు. ఊరిలో నోటిమాటగా చెప్పుకొను వంశములు ఈ లెక్కకు పనికిరావు. పల్లెలో పెంచుకొను రైతు తన కుక్క పిల్లలను పుట్టినపుడే నమోదు చేయించి, తరము తరువాత తరము కాగితముపై నిలిపిననే ఎనిమిది వంశములు తేలును.

ప్రభుత్వములు కొంత పని చేసినవి. 2005 జనవరి 9న తపాలాశాఖ నాలుగు స్వదేశీజాతులకు బిళ్లలు వేసినది: హిమాలయపు గొఱ్ఱెల కాపరికుక్క, రాంపూరు, ముధోలు, రాజపాళయము. కర్నాలులోని జాతీయ పశుజన్యుసంపద సంస్థ రాజపాళయము, చిప్పిపారై, ముధోలు జాతులను తన పట్టికలో చేర్చుకొన్నది. మన నగరములోనే సైదాపేటలో తమిళనాడు ప్రభుత్వము 1980 ప్రాంతమున శునకోత్పత్తి కేంద్రము నొకదానిని పెట్టి రాజపాళయము, చిప్పిపారై, కొంబై కుక్కలను పెంచినది. పోషణ సరిగాలేదను అభియోగముపై 2016లో మద్రాసు హైకోర్టు దానిని మూయుమన్నది. ఎనిమిది వంశములు వెదకవలసిన సమయమున ఒక వంశభాండారము మూతపడుట విచారకరము. కుక్కలు బాధపడుచుండగా దానిని నడుపుమనుటయు న్యాయము కాదు.

తల్లిదండ్రులకు ఒక్కమాట. పిల్లలు మారాము చేయగా కుక్కపిల్లను కొనబోవు గృహస్థులకు అంగడివారు చెప్పు మొదటిమాట “పేపర్లున్నవండీ” అని. ఆ పేపరును అడిగి తీసికొని చదువుడు. అందు తండ్రి పేరు, తల్లి పేరు, వాని నమోదు సంఖ్యలు ఉండవలెను. బియ్యపుగింజంత మైక్రోచిప్పు ఒకటి పిల్ల మెడచర్మము క్రింద ఉంచబడును. దానిలోని పదునైదు అంకెల సంఖ్యను పశువైద్యుని వద్దనున్న చిన్న యంత్రము చదువగలదు. పత్రముపై సంఖ్యయు యంత్రము చూపు సంఖ్యయు ఒకటి కానిచో ఆ పత్రము వేఱొక కుక్కది. 2017 నాటి కేంద్రప్రభుత్వ నిబంధనల ప్రకారము ఎనిమిది వారములు నిండని పిల్లను అమ్మరాదు. తల్లికుక్కను చూపుమని అడుగుడు, చూపనివానివద్ద కొనకుడు. తెల్లని పిల్లయైనచో ఒక్కొక్క చెవి వినికిడి పరీక్ష జరిగినదా యని ప్రశ్నింపుడు. ఆ పరీక్షకు చెన్నైలోని పశువైద్య కళాశాల ఆసుపత్రిలో విచారింపవచ్చును.