అరుదైన కారు కొనే ముందు



మన హాస్టల్‌లో చదివినవాళ్లలో చాలామంది ఇళ్లల్లో కారు కొన్న మొదటి మనిషి మనమే అవుతాం. ఆర్.సి. ఎలా చదవాలో, ఇంజను ఎలా చూడాలో చెప్పే మామయ్య గాని, పెదనాన్న గాని మనకుండరు. అందుకే ఈ వ్యాసం. నిరుడు 2025 సెప్టెంబరులో నా సీనియర్ అన్న ఒకాయన కారు కొనబోతూ నన్ను వెంట తీసుకుపోయాడు. నేను ఫిజిక్స్‌లో పీజీ చేశానని ఆయనకు నా మీద నమ్మకం. "ఇంజన్లు నీకు తెలియకపోతే ఎవరికి తెలుస్తాయిరా?" అన్నాడు. అప్పటికి నేను కారు బానెట్టు ఎత్తి చూసింది లేదు. వెళ్లే ముందు పది రోజులు చదివాను, మెకానిక్కుల దగ్గర కూర్చున్నాను. అలా తెలుసుకున్నదే ఇక్కడ రాస్తున్నాను.

అన్నకు నచ్చిన బండి

అన్నది ముదిగుబ్బకు 9 కిలోమీటర్ల లోపల పల్లె. మట్టి దారి, మధ్యలో ఒక వంక. వాళ్లమ్మను నెలకు రెండుసార్లు అనంతపురం ఆసుపత్రికి తీసుకుపోవాలి. రాత్రిపూట ఆటో రాదు. బెంగళూరులో పని చేసే అన్న అక్కడ పాత కార్ల యార్డులో ఒక బండి చూశాడు. షెవర్లే ఫారెస్టర్, 2005 మోడల్, ధర 2,40,000 రూపాయలు. చీటీ ఎత్తిన డబ్బు 1,40,000. మిగతా లక్షకు అమ్మ గొలుసు కుదువ పెట్టాలని అనుకున్నారు. ఇన్నేళ్లలో ఆ ఇంట్లో కొన్న బంగారం ఆ గొలుసొక్కటే.

"జపాన్ బండి రా, నాలుగు చక్రాలూ లాగుతాయి. మన వంకకు ఇదే సరి" అన్నాడు అన్న. 5,000 అడ్వాన్సు కూడా ఇచ్చేశాడు.

బండి పుట్టుక

పేరు షెవర్లే అయినా ఆ బండిని తయారుచేసింది జపాన్‌లోని సుబారు. సుబారు అంటే జపాన్ భాషలో కృత్తికా నక్షత్రాలు. మన కార్తీక మాసానికి పేరిచ్చిన నక్షత్రమే. వాళ్ల గుర్తులో ఆరు చుక్కలు ఉండేది అందుకే. 1953లో ఏర్పడిన ఫుజీ హెవీ ఇండస్ట్రీస్ ఈ కార్లు చేసేది. ఆ కంపెనీయే 2017లో సుబారు కార్పొరేషన్‌గా పేరు మార్చుకుంది. నాలుగు చక్రాలూ లాగే స్టేషన్ వ్యాగన్‌ను, అంటే వెనుక సామాను గది పైకప్పు దాకా ఉండే పొడవాటి కారును, వీళ్లు 1972లోనే చేశారు. ఫారెస్టర్ 1997లో వచ్చింది.

2000 ప్రాంతంలో అమెరికా కంపెనీ జనరల్ మోటార్స్‌కు ఫుజీలో 20 శాతం వాటా ఉండేది. ఆ సంబంధం వల్లే మన దేశంలో ఫారెస్టర్‌ను షెవర్లే గుర్తుతో అమ్మారు. 2005లో జనరల్ మోటార్స్ ఆ వాటా అమ్ముకుంది. 2017 చివరికి మన దేశంలో కార్లు అమ్మడమే ఆపేసింది. సుబారుకు సొంతంగా ఇక్కడ షోరూము ఎప్పుడూ లేదు. అంటే ఈ బండికి తల్లి ఒక చోట, పెంచిన తల్లి ఒక చోట. ఇప్పుడు మనకు ఇద్దరూ దగ్గర లేరు.

నాలుగు చక్రాలూ లాగడం అంటే

మామూలు చిన్న కారులో ముందు రెండు చక్రాలకే ఇంజను బలం అందుతుంది. ఆ రెండూ ఇసుకలో జారితే బండి నిలిచిపోతుంది. ఫారెస్టర్‌లో బలం నాలుగింటికీ పోతుంది. మలుపులో ముందు చక్రాలు, వెనుక చక్రాలు ఒకే దూరం తిరగవు. ఆ తేడాను సర్దేందుకు మధ్యలో ఒక డిఫరెన్షియల్ ఉంటుంది.

ఇక్కడే ఒక చిక్కుంది. నాలుగు టైర్లూ సమానంగా లేకపోతే, తిన్నగా పోతున్నా ఆ మధ్య భాగం ఆగకుండా సర్దుతూనే ఉంటుంది. వేడెక్కి పాడవుతుంది. టైర్ల చుట్టుకొలతలో తేడా 6 మిల్లీమీటర్లు దాటకూడదని సుబారు చెబుతుంది. ఒక టైరు ఇంకోదాని కంటే 3 మిల్లీమీటర్లు ఎక్కువ అరిగితే చుట్టుకొలతలో తేడా ఎంత? మన పదో తరగతి లెక్కే: 2 × 3.14 × 3, సుమారు 19 మిల్లీమీటర్లు. కాబట్టి ఒక టైరు పోతే ఒక్కటే కొత్తది వేయడం కుదరదు, నాలుగూ మార్చాలి. చూడటానికి పెద్ద పరికరాలు అక్కర్లేదు. టైరు చుట్టూ దారం చుట్టి, ఆ దారాన్ని స్కేలుతో కొలిస్తే చాలు.

ఇంకో పరీక్ష. పొడి నేల మీద స్టీరింగ్ పూర్తిగా తిప్పి మెల్లగా గుండ్రంగా నడపాలి. ఎవరో వెనక్కి పట్టి లాగుతున్నట్టు బండి కుదుపుతుంటే మధ్య భాగం బిగిసిందని అర్థం.

ఇంజను, టర్బో

సుబారు ఇంజన్‌లో పిస్టన్లు నిలువుగా ఉండవు. రెండు వైపులా పడుకుని, ఎదురెదురుగా కొట్టుకుంటున్నట్టు కదులుతాయి. అందుకే బాక్సర్ ఇంజను అంటారు. బరువు కిందికి ఉంటుంది కనుక బండి మలుపులో నిలకడగా ఉంటుంది. కాని అలవాటు లేని మెకానిక్కుకు చేయి దూరే చోటు ఉండదు. టైమింగ్ బెల్టు సుమారు లక్ష కిలోమీటర్లకు మార్చాలి. అది తెగితే వాల్వులు వంగి ఇంజనే పోవచ్చు. మార్చినట్టు బిల్లు చూపించకపోతే మార్చలేదనే లెక్క వేసుకోవాలి. రేడియేటర్ నీళ్ల డబ్బాలో బుడగలు వస్తున్నా, ఆయిల్ మూత లోపల మీగడలాంటిది కనిపించినా హెడ్ గ్యాస్కెట్ మీద అనుమానం పెట్టుకోవాలి.

మేము చూసిన బండికి టర్బో లేదు. అయినా టర్బో గురించి తెలుసుకోండి, మన ఊళ్లలో తిరిగే బొలేరోలోనూ అదే ఉంది. ఇంజను వదిలే పొగ ఒక చిన్న చక్రాన్ని నిమిషానికి లక్ష చుట్లకు పైగా తిప్పుతుంది. ఆ చక్రం ఇరుసుకు అవతల ఉన్న ఇంకో చక్రం గాలిని అణిచి ఇంజన్‌లోకి తోస్తుంది. గాలి ఎక్కువైతే ఎక్కువ ఇంధనం మండుతుంది, బలం పెరుగుతుంది. అంత వేగంతో తిరిగే ఇరుసును కాపాడేది ఆయిల్ ఒక్కటే. అందుకని ఆయిల్ సమయానికి మార్చాలి. ఘాటు ఎక్కిన వెంటనే ఇంజను ఆపకుండా ఒక నిమిషం ఊరికే తిరగనివ్వాలి. స్టార్ట్ చేయగానే నీలి పొగ వస్తే ఆయిల్ మండుతోందని గుర్తు.

పెట్రోలు సంగతి కూడా మారింది. 2025 నాటికి దేశమంతా 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలే బంకుల్లోకి వచ్చింది. 2005 నాటి బండిలోని రబ్బరు పైపులు దానికోసం చేసినవి కావు. వాటిని చూపించుకోవాలి.

కాగితాలు

అదే యార్డులో జపాన్ నుంచి నేరుగా వచ్చిందంటూ ఒక పాత టర్బో వ్యాగన్‌ను కూడా చూపించారు. ఇది జాగ్రత్తగా చదవండి. వాడిన కారును దిగుమతి చేసుకోవాలంటే అది తయారై మూడేళ్లు దాటి ఉండకూడదు. కుడివైపు స్టీరింగ్ ఉండాలి, ముంబై ఓడరేవు గుండానే రావాలి. సుంకం బండి విలువనే మించిపోతుంది. కాబట్టి పాత దిగుమతి బండి చవగ్గా వస్తోందంటే సుంకం కట్టిన కస్టమ్స్ కాగితం అడగాలి. అది లేని బండిని కస్టమ్స్ వాళ్లు పట్టుకుంటే, తెలియక కొన్నామన్నా బండి పోతుంది.

ఫారెస్టర్ ఆర్.సి. అడిగి చూశాం. ఛాసిస్ నంబరు సరిపోయింది. కాని ఒక ఫైనాన్సు అప్పు ఇంకా అందులో అలాగే ఉంది. ఆ అప్పు తీరినట్టు ఫారం 35 రావాలి. కర్ణాటక బండి కనుక ఫారం 28తో ఎన్.ఓ.సి. కావాలి, ఇక్కడ లైఫ్ టాక్సు మళ్లీ కట్టాలి. పేరు మార్పుకు ఫారం 29, ఫారం 30. పెట్రోలు కారుకు మొదటి రిజిస్ట్రేషన్ 15 ఏళ్లు, తర్వాత ఐదేళ్లకోసారి పొడిగించుకోవాలి. ఈ బండికి పొడిగించిన గడువు కూడా ఇంకో రెండు నెలల్లో అయిపోతుంది. 20 ఏళ్లు దాటిన కారుకు ఆ ఫీజును 2025లో 10,000 రూపాయలు చేశారు.

మేము వేసిన లెక్క

దారంతో కొలిస్తే ముందు టైర్లకూ వెనుక టైర్లకూ 20 మిల్లీమీటర్ల తేడా వచ్చింది. టైమింగ్ బెల్టు బిల్లు లేదు. అక్కడే కూర్చుని నా నోటు పుస్తకంలో రాశాం:

నాలుగు టైర్లు – 28,000
టైమింగ్ బెల్టు, పుల్లీలు, వాటర్ పంపు – 35,000
టాక్సు, రెన్యువల్, ఇన్సూరెన్సు – 35,000

మొత్తం 98,000. అంటే బండి ధర 2,40,000 కాదు, 3,38,000. ఇది ఏమీ చెడిపోకముందు లెక్క. లీటరుకు 9 కిలోమీటర్లు ఇస్తుందని అమ్మేవాడే చెప్పాడు. అనంతపురం పోయి రావడానికి 130 కిలోమీటర్లు, పెట్రోలుకే సుమారు 1,580 రూపాయలు.

చివరికి అన్న ముదిగుబ్బలో తనకు తెలిసిన మెకానిక్కుకు ఫోన్ చేశాడు. ఆయన అంతా విని, "బండి మంచిదేనప్పా. చెడిపోతే మాత్రం నేను చేయలేను, చేసేవాడు నాకు తెలీదు. సామాను ఏడ తెస్తావు?" అన్నాడు. అన్న చాలాసేపు మాట్లాడలేదు.

అరుదైన బండి విషయంలో నాకు అర్థమైంది ఇదే. ధర చీటీ మీద రాసిన అంకె సగం ధరే. మిగతా సగం, దాని సామాను ఎంత దూరంలో దొరుకుతుందో, బాగుచేసే మనిషి ఎంత దూరంలో ఉన్నాడో దాన్ని బట్టి ఉంటుంది. బెంగళూరులో గ్యారేజీ తెలిసి, ఇంట్లో ఇంకో కారున్నవాడికి ఫారెస్టర్ చక్కని బండి. రాత్రి రెండింటికి అమ్మను ఆసుపత్రికి తీసుకుపోవాల్సినవాడికి, పొద్దున చెడితే సాయంత్రానికి బాగయ్యే బండి కావాలి.

అడ్వాన్సులో 2,000 తిరిగి ఇచ్చారు. మిగతా 3,000 నేర్చుకున్నందుకు ఫీజు అనుకున్నాం. నెల తర్వాత అన్న ధర్మవరంలో 2013 మోడల్ వ్యాగన్ ఆర్ 2,10,000కు కొన్నాడు. అదీ జపాన్ కంపెనీ సుజుకి బండే, పేరులో వ్యాగన్ కూడా ఉంది. గొలుసు మీద లక్షకు బదులు 70 వేలే తీసుకున్నారు.

పోయిన అక్టోబరు వానకు ఆ బండి వంక ఇసుకలో దిగబడింది. నలుగురం తోశాం. "ఫారెస్టర్ అయ్యుంటే దాటేదిరా" అని అన్న ఇప్పటికీ అంటాడు. నిజమే, దాటేది. ఆ మాట నేనూ కాదనను.

తమ్ముళ్లూ, రేపు మీరు ఉద్యోగాల్లోకి వచ్చి బండి కొనేటప్పుడు అడ్వాన్సు ఇవ్వడానికి ముందే హాస్టల్ అన్నలకు ఒక ఫోన్ చేయండి. మనలో బండ్లు నడిపేవాళ్లు, రిపేరు చేసేవాళ్లు, ఆఫీసుల్లో పనిచేసేవాళ్లు ఉన్నారు. మన ఇళ్లల్లో చెప్పేవాళ్లు లేకపోతే ఒకరికొకరం మనమే చెప్పుకుందాం. పోయేటప్పుడు జేబులో ఒక దారపు ఉండ, ఒక స్కేలు పెట్టుకుని పోండి.