పటాకుల పెట్టె వెనుక ఫసలీ నాటి చట్టం

నాగారం: పొలం పహాణీలో తప్ప 'ఫసలీ' అనే మాట ఇప్పుడు ఎక్కడా పెద్దగా వినబడదు. కాని దీపావళి దగ్గర పడగానే హైదరాబాదు పోలీసు కమిషనరు జారీ చేసే ఉత్తర్వులో అది తప్పకుండా కనబడుతుంది. ఇటీవలి సంవత్సరాలలో రోడ్ల మీద, నలుగురు తిరిగే చోట్ల మోత పటాకులు కాల్చరాదని చెప్పే ఆ ఉత్తర్వుకు ఆధారం హైదరాబాదు నగర పోలీసు చట్టం, 1348 ఫసలీ. అంటే 1938-39 నాటి నిజాం కాలపు చట్టం. కత్తులు, బరిసెలు, తుపాకులు పట్టుకుని వీధుల్లో తిరగకుండా ఆపే అధికారం కూడా కమిషనరుకు ఈ చట్టమే ఇచ్చింది.

పట్నం కోసం చేసిన ఈ చట్టానికీ ఊళ్లకూ ఏం సంబంధం అనవచ్చు. సంబంధం ఉంది. పట్నం పెరుగుతూ ఉప్పల్, నాచారం దాటి కీసర రోడ్డు మీది నాగారం దాకా వచ్చింది. పట్నంతో పాటే చట్టమూ వచ్చింది. 2004లో చేసిన సైబరాబాదు పోలీసు చట్టంతో నగర చట్టం శివార్లకూ వర్తించింది.

మూసా రాము ఫిరంగులు

తుపాకి మందుతో హైదరాబాదుకు ఉన్న పరిచయం పాతదే. సురేకారం, గంధకం, బొగ్గు పాళ్లు చూసి నూరితే మందు తయారవుతుంది. దాన్ని ఫిరంగిలో దట్టిస్తే యుద్ధం, చిచ్చుబుడ్డిలో కూరితే పండుగ. నిజాం కొలువులోని ఫ్రెంచి సేనాని రేమండ్ 1786లో ఫిరంగులు పోతపోసే కార్ఖానా పెట్టించాడు. ప్రాకారంలోని పాత నగరానికి అవతల, మూసీకి ఉత్తరాన ఉన్న ఆ చోటుకు నేటికీ గన్‌ఫౌండ్రీ అనే పేరు. జనం ఆయన్ని మూసా రాము అన్నారు. మూసారాంబాగ్‌కు ఆ పేరు ఆయన మీదుగానే వచ్చింది. 1798 మార్చిలో ఆయన చనిపోయాడు. ఆయన సమాధి సరూర్‌నగర్ వైపు ఆస్మాన్‌గఢ్ గుట్ట మీద ఉంది.

ఆయన పోయిన కొన్ని నెలలకే నిజాం ఇంగ్లీషు కంపెనీతో ఒడంబడిక చేసుకున్నాడు. అదే ఏడు అక్టోబరులో ఫ్రెంచి దళాన్ని రద్దు చేసి ఆయుధాలు దింపించారు. తుపాకి ఎవరి చేతిలో ఉండాలన్నది అప్పట్లో రాజులు, కంపెనీలు తేల్చిన సంగతి. తరువాత అది చట్టాల పని అయింది.

నేడు అమలులో ఉన్నది 1959 నాటి ఆయుధాల చట్టం. పంటను అడవి పందుల నుంచి కాపాడుకోవడానికి మూతి నుంచి మందు దట్టించే తుపాకికి లైసెన్సు అడిగే దారి అందులో ఉంది. లైసెన్సు లేని నాటు తుపాకి మాత్రం పొలంలో ఉన్నా నేరమే. పెళ్లి బారాతులో సరదాకు తుపాకి పేల్చి పక్కవారికి ముప్పు తెస్తే రెండేళ్ల దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా వేయవచ్చని 2019 సవరణ చెబుతోంది.

ఒక పడవ పేలితే

ఇక మందు సంగతి. 1874 అక్టోబరు 2న లండనులో కాలువ మీద తుపాకి మందు మోసుకుపోతున్న పడవ ఒక వంతెన కింద పేలింది. వంతెన కూలింది, పడవలోని ముగ్గురు మరణించారు. మరుసటి ఏడే అక్కడ పేలుడు పదార్థాల చట్టం వచ్చింది. బ్రిటిషు ఇండియాలో అటువంటిదే 1884లో వచ్చింది. ఆ చట్టమే సవరణలతో నేటికీ నడుస్తోంది. లైసెన్సు లేకుండా పటాకులు తయారు చేస్తే మూడేళ్ల దాకా, అమ్మితే రెండేళ్ల దాకా జైలు శిక్ష పడవచ్చు.

దీని కింద 2008లో వచ్చిన నియమాలు పండుగ దుకాణాలకు కొలతలు పెట్టాయి. షెడ్డు నిప్పంటుకోని సామానుతో కట్టాలి. షెడ్డుకూ షెడ్డుకూ మధ్య కనీసం 3 మీటర్లు, అంటే సుమారు పది అడుగులు విడవాలి. ఒకదానికొకటి ఎదురుబొదురుగా ఉండరాదు. 50 మీటర్ల లోపల పటాకులు కాల్చి చూపరాదు. నూనె దీపం, గ్యాసు దీపం పెట్టరాదు. ఒక్కచోట 50 దుకాణాలకు మించి ఉండరాదు.

ఈ కొలతలు ఎందుకో 2024 అక్టోబరు 27 రాత్రి హైదరాబాదు బొగ్గులకుంటలో తెలిసివచ్చింది. పటాకుల దుకాణంలో నిప్పు రేగి పక్కనున్న హోటలుకూ అంటుకుంది. 2025 ఏప్రిల్ 13న అనకాపల్లి జిల్లా కైలాసపట్నంలో బాణసంచా తయారీ కేంద్రం పేలి ఎనిమిది మంది ప్రాణాలు పోయాయి. పొట్టకూటికి పోయినవారు ఇంటికి తిరిగి రాలేదు.

పది అడుగుల ఎడం

రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా మోత పటాకులు వద్దని సుప్రీంకోర్టు 2005లో చెప్పింది. 2018లో దీపావళి నాడు 8 నుంచి 10 దాకా రెండు గంటలే గడువిచ్చింది. ఇవి పండుగ మీద కక్షతో చెప్పినవి కావు. చంటిపిల్లలు, ముసలివారు, కొట్టంలోని పశువులు కూడా ఆ రాత్రి గడపాలి కదా.

మందుకు రాజు, పేద తేడా తెలియదు. రేమండ్ నాడైనా, నేడైనా దానికి కావలసింది ఒక్క నిప్పురవ్వే. ఊరు పల్లెగా ఉన్నప్పుడు ఇంటికీ ఇంటికీ నడుమ పెరడు ఉండేది, గడ్డివాము అంటుకున్నా ఒక వామితో పోయేది. ఇప్పుడు గోడకు గోడ ఆనుకుని ఇళ్లు లేచాయి. కిరాణా కొట్టు వెనుక గదిలో, మంచం కింద దాచే పటాకుల పెట్టె ఒక్క ఇంటి సంగతి కాదు, వాడ మొత్తానికీ సంబంధించిన సంగతి. దుకాణం ముందు లైసెన్సు కాగితం వేలాడుతోందా, పక్క షెడ్డు పది అడుగుల దూరంలో ఉందా అని కొనేవారే ఒకసారి చూసుకుంటే చట్టం పని సగం తీరినట్టే.