యుద్ధం చేసినవాళ్ళ మాటలు ఎవరి దగ్గర ఉన్నాయి?

మన ఫోన్‌లో ఒక ఆడియో ఫైల్ ఉందనుకోండి. పేరు 'రికార్డింగ్ 47'. అందులో ఎవరో పెద్దాయన నలభై నిమిషాలు మాట్లాడారు. ఆయన పేరేంటి, ఏ ఊరు, ఎప్పుడు మాట్లాడారు, ఎవరడిగితే మాట్లాడారు, ఏదీ ఎక్కడా రాసి లేదు. ఫైల్ బాగానే ఉంది, ప్లే అవుతోంది. కానీ యాభై ఏళ్ళ తర్వాత అది ఎవరికి పనికొస్తుంది?

యుద్ధాల్లో పాల్గొన్నవాళ్ళ జ్ఞాపకాలను ఎవరెవరు ఎలా దాచారో ఈ సెమిస్టర్‌లో కాస్త చదివాను. నాకు అర్థమైంది ఏంటంటే, ఎవరు రికార్డు చేశారు, ఎందుకు చేశారు అన్నదాన్ని బట్టే చివరికి ఏం మిగులుతుందో తేలుతుంది. ముందు మొదటి ప్రపంచ యుద్ధం నాటి మూడు ఉదాహరణలు చెప్తాను. తర్వాత మన దగ్గరికి వస్తాను.

శత్రువు దాచిన గొంతు

ఆ యుద్ధంలో బ్రిటిష్ ఇండియా సైన్యం నుంచి పది లక్షల మందికి పైగా సముద్రం దాటి వెళ్ళారు. జర్మన్లకు దొరికిపోయిన వాళ్ళలో కొందరిని బెర్లిన్ దగ్గర వ్యూన్స్‌డోర్ఫ్‌లో 'అర్ధచంద్ర శిబిరం' అనే చోట ఉంచారు. వాళ్ళని మంచి చేసుకుని బ్రిటన్ మీదికి తిప్పాలని జర్మనీ ప్లాన్. 1915లో అక్కడ ఒక మసీదు కూడా కట్టించారు.

అదే టైమ్‌లో కొందరు జర్మన్ భాషావేత్తలకి ఇంకో ఆలోచన వచ్చింది. ప్రపంచం నలుమూలల భాషలు మాట్లాడేవాళ్ళు ఇక్కడే బందీలుగా ఉన్నారు కదా, ఊరూరా తిరగకుండా ఇక్కడే రికార్డు చేసేద్దాం అని. 1915 నుంచి 1918 వరకు శిబిరాలు తిరిగి దాదాపు 250 భాషలు, యాసలు రికార్డు చేశారు. ఆ కలెక్షన్ ఇప్పుడు బెర్లిన్‌లోని హుంబోల్ట్ విశ్వవిద్యాలయం దగ్గరుంది.

అందులో మల్ సింగ్ అనే పంజాబీ సిపాయి గొంతు ఉంది. తేదీ 1916 డిసెంబర్ 11. ఆయన 'నేను' అనకుండా, అనగనగా ఒక మనిషి అన్నట్టు కథలా చెప్తాడు. ఆ మనిషి హిందుస్థాన్‌లో వెన్న తినేవాడు, యూరప్ యుద్ధానికి వచ్చాడు, జర్మనీ పట్టుకుంది, ఇంటికి పోవాలని ఉంది, ఇంకో రెండేళ్ళు ఇక్కడే ఉంచితే చచ్చిపోతాడు. మొత్తం ఒక నిమిషం కొంచెం ఎక్కువ ఉంటుందంతే.

రికార్డు చేసినవాళ్ళకి కావలసింది పంజాబీ భాష ఎలా పలుకుతారు అన్నది. యుద్ధం గురించి ఆయన్ని ఎవరూ అడగలేదు. దొరికిన ఆ కాస్త టైమ్‌లో తన బాధ తనే చెప్పుకున్నాడు. ఒక్క మంచి పని మాత్రం జరిగింది. ప్రతి రికార్డింగ్‌తో పాటు మాట్లాడిన మనిషి పేరు, పుట్టిన ఊరు, వచ్చిన భాషలు, వృత్తి ఒక ఫారంలో నింపారు. ఆ ఫారం ఉండబట్టే వందేళ్ళ తర్వాత మనం ఆ గొంతుని 'మల్ సింగ్' అని పిలవగలుగుతున్నాం. 2007లో ఫిలిప్ షెఫ్నర్ అనే దర్శకుడు ఈ రికార్డింగుల మీద డాక్యుమెంటరీ తీశాడు.

సెన్సార్ దాటిన ఉత్తరాలు

రెండో ఉదాహరణ ఉత్తరాలు. ఫ్రాన్స్‌లో పోరాడిన మన సిపాయిలు ఇళ్ళకి వేల ఉత్తరాలు రాశారు. చాలామందికి రాయడం రాదు, వేరేవాళ్ళ చేత రాయించుకునేవాళ్ళు. సైన్యంలో ఏం గొణుగుతున్నారో తెలుసుకోవడానికి బ్రిటిష్ వాళ్ళు ఒక సెన్సార్ ఆఫీసు పెట్టి, వాటిని చదివి, ముఖ్యమనుకున్న ముక్కల్ని ఇంగ్లీషులోకి మార్చి రిపోర్టులు తయారుచేశారు. ఆ రిపోర్టులు లండన్‌లో బ్రిటిష్ లైబ్రరీలో ఉన్నాయి. డేవిడ్ ఒమిస్సీ అనే చరిత్రకారుడు వాటిలోంచి ఏరి 1999లో పుస్తకం వేశాడు.

సిపాయి నోటితో చెప్పాడు, ఇంకొకడు రాశాడు, సెన్సార్ వాడు ఏరాడు, అనువాదకుడు మార్చాడు. వాట్సాప్‌లో పదిసార్లు ఫార్వర్డ్ అయిన ఫోటో లాంటిదన్నమాట. బొమ్మ తెలుస్తుంది, వివరాలు పోతాయి. అసలు ఉత్తరాల్లో చాలా భాగం ఇప్పుడు లేవు కాబట్టి వెనక్కి వెళ్ళి సరిచూసుకునే దారి కూడా లేదు.

సిపాయిలేం తక్కువ తినలేదు. ఉత్తరం ఎవరో చదువుతారని వాళ్ళకి తెలుసు. అందుకే నల్ల మిరియాలు అంటే భారతీయ సైనికులు, ఎర్ర మిరప అంటే తెల్ల సైనికులు అని కోడ్ పెట్టుకుని, మిరియాలు అయిపోవచ్చాయని రాసేవాళ్ళు. సెన్సార్ వాళ్ళు ఆ కోడ్ కూడా పట్టేశారు, రిపోర్టులో రాశారు. మనకి ఆ కోడ్ గురించి తెలిసిందే అలా!

97 ఏళ్ళు తెరవని రిజిస్టర్లు

మూడోది లాహోర్ మ్యూజియంలోది. మొదటి ప్రపంచ యుద్ధం అయ్యాక పంజాబ్ ప్రభుత్వం ఊరి వారీగా సైనికుల వివరాలు రిజిస్టర్లలో రాయించింది. 26,000 పేజీలు, దాదాపు 3,20,000 మంది పేర్లు. అవి 97 ఏళ్ళు మ్యూజియంలో పడి ఉన్నాయి. బ్రిటన్‌లోని ఒక పంజాబీ వారసత్వ సంస్థ, గ్రీనిచ్ విశ్వవిద్యాలయం కలిసి వాటిని డిజిటైజ్ చేసి, 2021 నవంబర్‌లో మొదటి విడతగా మూడు జిల్లాలకు చెందిన 45,000 రికార్డులు ఆన్‌లైన్‌లో పెట్టాయి. అప్పుడు బ్రిటన్‌లో స్థిరపడిన పంజాబీలు ఊరి పేరు కొట్టి తమ ముత్తాతల్ని వెతుక్కోగలిగారు.

డేటా 97 ఏళ్ళూ భద్రంగానే ఉంది. ఇండెక్స్ లేదు కాబట్టి ఆ ముత్తాతలు ఎవరికీ కనిపించలేదు.

పదో తరగతి పిల్లలు కూడా చేయొచ్చు

ఇప్పుడు దీనికి పూర్తి భిన్నంగా జరిగిన పని. రాన్ కైండ్ అనే అమెరికన్ ప్రజాప్రతినిధి, ఇంట్లో వాళ్ళంతా కలిసినప్పుడు వాళ్ళ నాన్న, బాబాయి యుద్ధం రోజుల గురించి మాట్లాడుకోవడం మొదటిసారి విన్నాడు. వెంటనే వీడియో కెమెరా తెచ్చి, తన కొడుకుల కోసం రికార్డు చేశాడు. దేశమంతా ఇలా చేయొచ్చు కదా అనిపించి బిల్లు పెట్టాడు. 2000 అక్టోబర్‌లో అది చట్టమైంది. అలా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో 'వెటరన్స్ హిస్టరీ ప్రాజెక్ట్' మొదలైంది. ఇప్పుడక్కడ లక్షకు పైగా సైనికుల జ్ఞాపకాలు ఉన్నాయి.

నాకు నచ్చింది వాళ్ళ పద్ధతి. ఇంటర్వ్యూ చేసేది ప్రొఫెసర్లు కానక్కర్లేదు, పదో తరగతి నుంచి ఎవరైనా చేయొచ్చు. రికార్డింగ్ కనీసం 30 నిమిషాలు ఉండాలి. ఎడిటింగ్ చేయకూడదు. అంటే దగ్గు, మౌనం, మధ్యలో కుక్క అరుపు అన్నీ ఉండాలి. సైనికుడి వివరాల ఫారం, ఆయన సంతకంతో అనుమతి పత్రం జత చేయాలి. ఉత్తరాలు, డైరీలు, ఫోటోలు కూడా తీసుకుంటారు. ర్యాంకు, పతకం ఏమీ అడగరు. వంటవాడు కూడా జనరల్‌తో సమానమే.

తారీఖు తప్పు చెప్తే?

'యాభై ఏళ్ళ తర్వాత గుర్తున్నది నమ్మేదెలా?' అనే డౌట్ వస్తుంది. న్యాయమైన డౌటే. దీనికి ఇటలీ చరిత్రకారుడు అలెస్సాండ్రో పోర్టెల్లి పని చూడాలి. టెర్నీ అనే ఊళ్ళో లుయిజీ ట్రాస్టుల్లి అనే ఉక్కు కార్మికుడు 1949లో, నాటోకి వ్యతిరేకంగా జరిగిన నిరసనలో పోలీసుల చేతిలో చనిపోయాడు. కానీ పోర్టెల్లి ఊళ్ళో వాళ్ళని అడిగితే చాలామంది అది 1953లో, ఫ్యాక్టరీలో వేలమందిని ఉద్యోగాల్లోంచి తీసేసినప్పుడు జరిగిందని చెప్పారు. ఇంతమంది ఒకే రకంగా ఎందుకు మార్చి గుర్తుపెట్టుకున్నారు అని పోర్టెల్లి ఆలోచించాడు. 1953 నాటి దెబ్బ వాళ్ళకి అంత పెద్దది. ఆ చావుకి అర్థం అక్కడే ఉందని వాళ్ళ మనసు దాన్ని అక్కడికి జరిపింది.

కాబట్టి తేదీల కోసం ఫైళ్ళు చూడాలి, మనిషికి ఏం జరిగిందో తెలియాలంటే మనిషిని వినాలి. రెండూ పక్కపక్కన పెడితేనే పని జరుగుతుంది.

లంగర్ అంటే లంగరు కాదు

మా అమ్మమ్మ వాళ్ళ తమ్ముడు, నాకు చిన తాతయ్య, 1971 యుద్ధంలో ఆర్మీ డ్రైవర్. పోయిన సంక్రాంతి సెలవుల్లో ఆయన మాటలు రికార్డు చేశాను. "యుద్ధం ఎలా ఉండేది తాతయ్యా?" అంటే "ఏముందిరా, పొమ్మన్నారు పోయాం, రమ్మన్నారు వచ్చాం" అన్నాడు. "రాత్రిపూట లైట్లు లేకుండా బండి ఎలా నడిపేవాడివి?" అని అడిగాక లేచి కూర్చున్నాడు. ముందు ట్రక్కు వెనక ఇరుసు మధ్యలో ఉండే గుండుకి తెల్ల రంగు వేసి, దాని మీదే పడేలా కింద ఒక చిన్న బల్బు పెడతారట. విమానానికి కనపడదు, వెనక డ్రైవర్‌కి మాత్రం కనపడుతుంది. రాజస్థాన్ ఇసుకలో రాత్రంతా ఆ తెల్ల చుక్కని చూస్తూ నడిపాడట. అక్కణ్ణుంచి నలభై నిమిషాలు ఆగలేదు.

తర్వాత ఆ ఆడియోని ఆటోమేటిక్‌గా టెక్స్ట్ చేసే టూల్‌కి ఇచ్చాను. తాతయ్య తెలుగులో సగం ఆర్మీ హిందీ. "లంగర్ దగ్గర శక్కర్‌పారాలు పంచారు" అన్నదాన్ని అది "లంగరు దగ్గర" అని రాసింది. లంగర్ అంటే సైన్యంలో వంటశాల. లంగరు అంటే ఓడని ఆపేది. ఎడారిలో ఓడ! ఇప్పుడైతే తాతయ్యని అడిగి సరిచేశాను. ముప్ఫై ఏళ్ళ తర్వాత ఎవరిని అడుగుతాం?

ఇంకో సంగతి. తనతో ఉన్న ఒక స్నేహితుడి గురించి చెప్తూ, మధ్యలో ఆగి, "అది ఆపెయ్‌రా" అన్నాడు. ఆపేశాను. ఆ తర్వాత పావుగంట చెప్పింది ఏ ఫైల్‌లోనూ లేదు, ఇక్కడా రాయను. మల్ సింగ్‌కి 'ఆపండి' అనే అవకాశం ఎవరిచ్చారు? ఆ సిపాయిలకి 'నా ఉత్తరం చదవొద్దు' అనే అవకాశం ఎవరిచ్చారు? మా తాతయ్యకి అది ఉండాలి. అనుమతి పత్రం అంటే ఏదో ఫార్మాలిటీ అనుకునేవాళ్ళు ఈ ఒక్క విషయం ఆలోచించండి.

మన దగ్గర

1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖపట్నం, కాకినాడల మీద బాంబులు వేశాయి. ఆ రోజు పదేళ్ళున్న పిల్లలకి ఇప్పుడు తొంభై దాటాయి. 1971లో ఇరవై ఏళ్ళున్న జవాన్లు డెబ్బైల్లో ఉన్నారు. తాడేపల్లిగూడెం దగ్గర మాధవరాన్ని 'మిలటరీ మాధవరం' అనే పిలుస్తారు, తరతరాలుగా సైన్యంలోకి వెళ్ళే ఊరు అది. విశాఖ బీచ్ రోడ్డులో 2002 నుంచి మ్యూజియంగా ఉన్న కుర్సురా జలాంతర్గామి లోపల మనకి అన్నీ చూపించి చెప్పేది రిటైర్డ్ నేవీ వాళ్ళే. మనం వింటాం, సెల్ఫీ దిగుతాం, బయటికొస్తాం.

మన క్లబ్‌లో అందరికీ ఫోన్ ఉంది, చాలామందికి తెలుగు టైపింగ్ వచ్చు. అందుకే ఈ సెమిస్టర్ సెలవులకి ఒక పని పెట్టుకుందాం. మీ ఇంట్లోనో, వీధిలోనో ఒక మాజీ సైనికుడిని, లేదా సైనికుడి భార్యని ఎంచుకోండి. ఇంటి దగ్గర మనియార్డర్ కోసం ఎదురుచూసిన వాళ్ళ మాటలు ఎవరూ అడగరు. ముందు అనుమతి తీసుకోండి, ఎప్పుడైనా ఆపమనొచ్చని చెప్పండి. మొదట్లోనే తేదీ, ఊరు, ఇద్దరి పేర్లు గట్టిగా చెప్పి రికార్డింగ్ మొదలుపెట్టండి, అప్పుడు ఫైల్ పేరు మారినా వివరాలు లోపలే ఉంటాయి. పెద్ద ప్రశ్నలొద్దు, ఏం తిన్నారు, ఎక్కడ పడుకున్నారు, మొదటి ఉత్తరం ఎవరికి రాశారు అని అడగండి. వాళ్ళు ఆగితే మీరూ ఆగండి, వెంటనే ఇంకో ప్రశ్న వేయకండి. అసలు ఫైల్‌ని కట్ చేయకుండా మూడు కాపీలు చేసి, ఒకటి వేరే చోట ఉంచండి. అర్థం కాని మాటలన్నీ ఆ రోజే వాళ్ళని అడిగి రాసుకోండి. ఒక కాపీ వాళ్ళ ఇంట్లో వాళ్ళకి ఇవ్వండి.

వివరాల ఫారం తెలుగులో నేను తయారుచేసి క్లబ్ గ్రూప్‌లో పెడతాను. మొదటి వరుసలో చిన తాతయ్య వివరాలు ఆల్రెడీ ఉన్నాయి. రెండో వరుస ఖాళీగా ఉంది.